ఒక్కపొద్దు, చక్కెర, గుండె



మా పిన్నిది ఆలంపూరు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. దసరా నవరాత్రులలో ఒక్కపొద్దుండి జోగులాంబ అమ్మవారి దర్శనానికి వెళ్లడం ఆమెకు అలవాటు. ఒక ఏడు, పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా వరసలో నిలబడింది. పదకొండు గంటలయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, గుండె దడదడ. పక్కనున్నావిడ "అమ్మవారు పూనిందేమో" అన్నదట! ఆ మాటతోనే పావుగంట గడిచిపోయింది. ఎవరో నైవేద్యానికి తెచ్చిన చక్కెర నోట్లో పోస్తేగాని తేరుకోలేదు. రాత్రి ఇంటికొచ్చి, పగలంతా తినలేదు కదా అని నాలుగు భక్ష్యాలు, పైన పాయసం. తర్వాత పరీక్ష చేస్తే షుగర్ మూడు వందలు దాటింది.

"ఏముందిలే, పగలు తగ్గింది, రాత్రి పెరిగింది, సరికి సరి" అన్నది పిన్ని.

సరికి సరి కాదమ్మా. పెరగడమూ గుండెకే దెబ్బ, పడిపోవడమూ గుండెకే దెబ్బ.

చక్కెర 70కి దిగువకు పోయిందంటే, కాలేయంలో దాచుకున్న చక్కెరను బయటికి రప్పించడానికి శరీరం అడ్రినలిన్‌ను వదులుతుంది. ఆ అడ్రినలినే గుండెను పరుగెత్తిస్తుంది, ఒక్కోసారి లయ తప్పిస్తుంది. ముందే రక్తనాళాలు పూడుకుని ఉన్న గుండెకు ఇది మోయలేని బరువు. ఇక చక్కెర ఒక్కసారిగా పైకి ఎగబాకినప్పుడు రక్తనాళాల లోపలి పల్చని పొర దెబ్బతింటుంది. కొవ్వు పేరుకునేది అలా దెబ్బతిన్న చోటే.

"మూడు నెలల పరీక్షలో నాకు బాగానే వచ్చిందండీ" అంటారు కొందరు. హెచ్‌బీఏవన్‌సీ అనే ఆ పరీక్ష చెప్పేది సగటు మాత్రమే. ఆలంపూరు వాళ్లకి తుంగభద్ర సంగతి తెలుసు. ఎండాకాలం రాళ్లు తేలుతుంది. అదే నది 2009 అక్టోబరులో ఊళ్లోకి వచ్చింది, కర్నూలును ముంచింది. ఏడాది నీటిని పన్నెండు నెలలకి పంచి లెక్క చెబితే, ఒడ్డున ఇల్లున్నవాళ్లకి ఏం తెలుస్తుంది?

అలాగని చక్కెరను ఎంత తొక్కిపెడితే అంత మంచిదనీ అనుకోకండి. అమెరికా, కెనడాలలో పది వేల మందికి పైగా రోగులతో అకార్డ్ అనే పరిశీలన జరిగింది. అందులో చక్కెరను బాగా కిందికి దించాలని గట్టి మందులిచ్చిన వర్గంలోనే మరణాలు ఎక్కువ కనిపించి, 2008లో ఆ చికిత్సను ఆపేశారు. కారణమేమిటన్న చర్చ వేరే. ఎవరి హద్దు ఎంతో వాళ్ల డాక్టరుగారే చెప్పాలి.

ఇంకో మాట. షుగర్ వల్ల గుండెజబ్బు ముప్పు మగవాళ్లకంటే మన ఆడవాళ్లలోనే ఎక్కువ రెట్లు పెరుగుతుంది. పైగా షుగరున్నవాళ్లకి గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, వికారం, దవడ లాగడం, ఎన్నడూ లేని నీరసం. మనమేమో గ్యాసని వాము నములుతూ కూర్చుంటాం! అలాంటప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక్కపొద్దు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, మా పిన్నికి చెప్పి చూశాను కూడా. ఉండదలిస్తే వారం ముందే డాక్టరును అడగండి. కొన్ని మాత్రలు తిండి లేకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి. ఇన్సులినూ అంతే. వాటి మోతాదు మార్చాలో, ఆపాలో ఆయన చెప్తారు. బి.పి.కి, గుండెకి ఇచ్చే కొన్ని మందులు వాడేవాళ్లకి దడ తెలియదు, చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టి వణుకొస్తే మూడు చెంచాల చక్కెరగానీ గ్లూకోజుగానీ నీళ్లలో కలిపి తాగండి. పావుగంట ఆగి మళ్లీ పరీక్షించుకోండి, తగ్గకపోతే ఇంకోసారి తాగండి. తేరుకున్నాక రొట్టె ముక్కయినా తినాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు భక్ష్యం ముందు కాదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిన్నాక, కావాలంటే ఒక ముక్క.

పిన్ని ఇప్పుడు డాక్టరును అడిగి, పొద్దున రొట్టె తిని, మాత్ర వేసుకునే గుడికి వెళుతోంది. కొంగు ముడిలో గ్లూకోజు పొట్లం. పక్కావిడలు అడిగితే, ప్రసాదం అని చెప్తుందట.