లండన్ వదిలి పొరుగూరికి: ఇల్లాలి లెక్క



ఈ రోజుల్లో మన వీధిలో నాలుగిళ్ళు తీసుకుంటే ఒక ఇంట్లోనైనా అమ్మాయో అబ్బాయో విదేశంలో ఉంటున్నారు. ఇంగ్లండులో పిల్లలున్న తల్లులకు తరచు వినపడే మాట ఒకటుంది. "అమ్మా, లండన్‌లో అద్దెలు భరించలేకపోతున్నాం. బయట ఏదైనా చిన్న ఊరికి మారిపోదామనుకుంటున్నాం. నువ్వేమంటావు?" అని. మనమేమంటాం? ఆ ఊరి పేరే మనకు సరిగా నోరు తిరగదు. "మీ ఇష్టం నాయనా, ఎక్కడున్నా చల్లగా ఉండండి" అనేసి ఊరుకుంటాం. ఆ ఊరు ఎలాంటిదో, ఎందుకు వెళ్ళవచ్చో, ఏం చూసుకుని వెళ్ళాలో మనకూ కొంత తెలిస్తే కాస్త పనికొచ్చే జవాబు చెప్పగలం కదా! అందుకని ఈవేళ దక్షిణ ఇంగ్లండులోని వోకింగ్ అనే పట్టణం గురించి మీతో ముచ్చటిస్తాను. మా చెల్లెలు, మరిది, ఇద్దరు పిల్లలతో లండన్ నుంచి అక్కడికి మారారు. వాళ్ళ దగ్గర నేను ఆగస్టు నుంచి జనవరి దాకా ఉండి వచ్చాను.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెబుతాను. వోకింగ్ సర్రే అనే కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. లండన్ నడిబొడ్డుకు నైరుతి మూలగా ఇరవై మూడు మైళ్ళు. ఇది రైలు పుట్టించిన ఊరు. 1838లో లండన్ నుంచి రైలు మార్గం వేసినప్పుడు పాత పల్లెకు దూరంగా, బీడు భూమిలో స్టేషను కట్టారు. తరువాత లండన్‌లో శ్మశానాలకు చోటు చాలక, ఒక కంపెనీ ఈ ప్రాంతంలో రెండువేల ఎకరాలకు పైగా భూమి కొని, 1854లో బ్రూక్‌వుడ్ అనే చోట పెద్ద శ్మశానవాటిక తెరిచింది. శవపేటికలను తీసుకురావడానికి లండన్ నుంచి ప్రత్యేకంగా రైలు నడిచేదంటే చూడండి! మిగిలిన భూమిని ఆ కంపెనీ ముక్కలు చేసి అమ్ముకుంటే, స్టేషను చుట్టూ ఇళ్ళు లేచి ఊరైంది. మన జంషెడ్జీ టాటా 1904లో జర్మనీలో కన్నుమూస్తే, ఆయన సమాధి ఈ బ్రూక్‌వుడ్‌లోనే పార్సీల భాగంలో కట్టారు.

మనదేశంతో ఈ ఊరికి ఇంకో సంబంధం కూడా ఉంది. బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన మొట్టమొదటి కట్టడం వోకింగ్‌లో ఉంది. లాహోరు కళాశాలలో ప్రిన్సిపాలుగా పనిచేసిన లైట్నర్ అనే పండితుడు 1889లో దాన్ని కట్టించాడు. అందుకు పెద్ద మొత్తం విరాళం పంపింది ఎవరనుకున్నారు? భోపాల్ సంస్థానాన్ని ఏలిన షాజహాన్ బేగం. ఇక్కడ సింహాసనం మీద కూర్చున్న ఒక స్త్రీ పేరు అక్కడ మసీదుకు నిలిచిపోయింది. అలాగే ఎథెల్ స్మిత్ అనే సంగీత విద్వాంసురాలు చాలా ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి, 1944లో ఇక్కడే పోయింది. స్త్రీలకు ఓటు హక్కు కావాలని పోరాడి జైలుకు కూడా వెళ్ళిన మనిషి. 2022లో ఊరి నడుమ ఆవిడ విగ్రహం పెట్టారు. ఇంత కథ ఉన్న ఊరు కాబట్టి, "ఏదో మూలనున్న పల్లెటూరు" అని మనం బెంగపడక్కరలేదు.

ఇక ఎందుకు మారాలి అన్న విషయానికి వద్దాం.

మొదటి కారణం రైలు. వోకింగ్‌లో వేగంగా పోయే రైలు ఎక్కితే సుమారు అరగంటలో లండన్ వాటర్లూ స్టేషనులో దిగవచ్చు. లండన్‌లోనే ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి గంట పడుతుంది. అంచేత ఊరు దూరమైనా ఉద్యోగం దూరం కాదు.

రెండోది ఇల్లు. మా వాళ్ళు లండన్‌లో ఈస్ట్ హామ్ అనే పేటలో రెండు పడకగదుల వాటాలో ఉండేవారు. దుప్పటి ఉతికితే ఆరేసుకునే జాగా లేదు. అదే అద్దెకు వోకింగ్‌లో ఇంకో గది, మేడ మెట్లు, వెనక పెరడు వచ్చాయి. వేసవిలో అక్కడ సాయంత్రం తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. పెరట్లో మెంతికూర, కొత్తిమీర చక్కగా వస్తాయి.

మూడోది బడి. అక్కడ ప్రభుత్వ పాఠశాలల్లో జీతం కట్టనక్కరలేదు. డబ్బున్నవాళ్ళు కూడా చాలామంది వాటికే పంపుతారు. నాలుగేళ్ళు నిండిన పిల్లలను ఆ వచ్చే సెప్టెంబరులో బళ్ళో చేర్చుకుంటారు. చిన్నబడికి జనవరి 15 లోపు, పెద్దబడికి అక్టోబరు 31 లోపు దరఖాస్తు పెట్టాలి. చాలా బళ్ళలో, ఇతర నియమాల తరువాత, ఎవరిల్లు దగ్గరగా ఉంటే వాళ్ళకు ముందు చోటు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ మాటకు వస్తాను.

నాలుగోది గాలి, వెలుతురు. ఊరి మధ్యగా పాతకాలపు కాలవ ఒకటి పోతుంది. బేసింగ్‌స్టోక్ కాలవ అంటారు. దాని గట్టున నడిచే దారి ఉంది. హార్సెల్ కామన్ అనే అడవి లాంటి మైదానం కూడా దగ్గరే. హెచ్.జి.వెల్స్ 1895లో ఈ ఊళ్ళో కాపురం పెట్టి, అంగారక గ్రహవాసులు భూమి మీదికి దండెత్తి వచ్చే తన నవలలో వాళ్ళను సరిగ్గా ఆ మైదానంలోనే దింపాడు! ఊరి చుట్టూ ఇళ్ళు కట్టకూడదని కట్టడి చేసిన పచ్చని నేల ఉంది కనుక, లండన్ వచ్చి మీద పడుతుందన్న భయం లేదు.

అయిదోది మనలాంటి వాళ్ళకు. హీత్రో విమానాశ్రయం ఇరవై మైళ్ళ లోపే. అమ్మానాన్నలు వచ్చిపోవడానికి సులువు.

వింటుంటే అన్నీ బాగున్నాయి కదూ! నిజంగానే బాగున్నాయి. అయితే లెక్కల పుస్తకంలో జమ ఒక్కటే రాస్తే సరిపోదు, ఖర్చు కూడా రాయాలి. రైలు సీజన్ టికెట్టు ఏడాదికి వేల పౌన్లలో ఉంటుంది. లండన్‌లో పదహారేళ్ళ లోపు పిల్లలకు సిటీ బస్సు ఉచితం, ఇక్కడ ఆ సదుపాయం లేదు. ఇంటికి కౌన్సిలు పన్ను ఉంటుంది, దాన్ని అద్దెకున్నవాళ్ళే కట్టుకోవాలి. పైగా వోకింగ్ కౌన్సిలు ఊరి నడుమ ఎత్తయిన భవనాలు కట్టడం వంటి పనులకు తెచ్చిన అప్పు వందకోట్ల పౌన్లు దాటిపోయి, 2023 జూన్‌లో తన రాబడి ఖర్చులకు చాలదని అధికారికంగా ప్రకటించింది. అలాంటి చోట పన్ను ఎంత, ఏయే సేవలు తగ్గించారు అని ముందే కనుక్కోవడం మంచిది.

ఇవన్నీ మగవాళ్ళు కాగితం మీద వేసుకునే లెక్కలే. వాళ్ళు వేయని లెక్క ఒకటుంది. ఉదయం ఏడింటికి రైలెక్కిన మనిషి రాత్రి ఏడింటికి ఇల్లు చేరుతాడు. వారంలో అయిదు రోజులు ఆయనకు ఆ ఊరు నిద్రపోయే చోటు మాత్రమే. పగలంతా ఆ ఊళ్ళో బతికేది ఇల్లాలు. మరి ఊరు బాగుందా లేదా అన్నది ఎవరి కాళ్ళతో కొలవాలి?

మా చెల్లెలి సంగతి చెబుతాను. మొదట వాళ్ళు తీసుకున్న ఇల్లు స్టేషనుకు రెండు మైళ్ళ అవతల ఉంది. ముచ్చటైన ఇల్లు, ప్రశాంతమైన వీధి. బస్సు గంటకొకటి, చీకటి పడితే అదీ లేదు. మరిది పొద్దున్నే కారులో స్టేషనుకు వెళ్ళి, డబ్బు కట్టి కారు అక్కడ పెట్టి, రైలెక్కేవాడు. అంటే పగలంతా కారు స్టేషను దగ్గర, ఇల్లాలు ఇంటి దగ్గర! ఏడాది మధ్యలో వచ్చారు కనుక పెద్దవాడికి ఇంటి పక్క బళ్ళో చోటు లేదు, ఖాళీ ఉన్నచోట ఇచ్చారు. అది మైలున్నర దూరం. చిన్నదాన్ని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని, పొద్దున్న పోనూ రానూ, మధ్యాహ్నం పోనూ రానూ, రోజుకు ఆరు మైళ్ళు నడిచేది మా చెల్లెలు.

వేసవిలో అది వ్యాయామం లాగే ఉండేది. నవంబరు వచ్చేసరికి కథ మారింది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి పడిపోతుంది. సన్నగా వాన, ఎముకలు కొరికే చలి. ఇరుగుపొరుగు మంచివాళ్ళే. కనబడితే నవ్వి, వాతావరణం గురించి ఒక మాట అని లోపలికి వెళ్ళిపోతారు. తలుపు తట్టి "ఏం వండావమ్మా?" అని అడిగే అలవాటు అక్కడ లేదు. ఈస్ట్ హామ్‌లో గది ఇరుకే గాని, గడప దిగితే కరివేపాకు, మునక్కాడలు దొరికేవి. మహాలక్ష్మి గుడి ఉంది, గుళ్ళో నలుగురు తెలుగువాళ్ళు పలకరించేవారు. ఒకరోజు రాత్రి గిన్నెలు కడుగుతూ మా చెల్లెలు అంది, "అక్కా, నువ్వు జనవరిలో వెళ్ళిపోతే ఈ ఇంట్లో పగలు నా గొంతు నాకు తప్ప ఎవరికీ వినపడదే. పిల్లల్ని తీసుకుని నీతో వచ్చేస్తాను" అని. అది అలిగి అన్న మాట కాదు. దాని పెట్టె అటక మీంచి దిగి ఉంది.

మరిది మంచివాడు. ఆ వారమే ముగ్గురం కూర్చుని లెక్క మళ్ళీ వేశాం. లండన్‌కు తిరిగి వెళ్ళాలా, ఇండియా రావాలా, ఈ ఊళ్ళోనే ఇల్లు మారాలా? తేలిందేమిటంటే, ఊరిలో లోపం లేదు, ఊళ్ళో ఇల్లున్న చోటే తప్పు. జనవరిలో కాలవ పక్కన, ఊరి నడుమకు దగ్గరగా ఒక ఇంటికి మారారు. ఒక గది తక్కువ, పెరడు చాపంత. అద్దె నూటయాభై పౌన్లు ఎక్కువ. అయితే మరిది స్టేషనుకు నడిచి వెళ్తాడు కనుక కారు పెట్టే ఖర్చు పోయింది. అద్దెలో పెరిగినది అందులో చాలావరకు కలిసివచ్చింది. బడి పది నిమిషాలు, డాక్టరు అయిదు నిమిషాలు. గ్రంథాలయంలో సభ్యత్వానికి డబ్బు లేదు. పసిపిల్లలను కూర్చోబెట్టి పాటలు పాడించే పూట ఒకటి ఉంది, తల్లులకు పరిచయాలు అక్కడే మొదలవుతాయి. మసీదు ఉన్న వైపు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి అంగడిలో కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరుకుతాయి. ఆ అంగడి యజమానురాలితో మా చెల్లెలు హిందీలో, ఆవిడ ఉర్దూలో గంటసేపు మాట్లాడుకుంటారట! మొన్న ఫోనులో, "అక్కా, తరువాత మాట్లాడతాను, ఇంట్లో మనుషులున్నారు" అంది. నాకు అంతకంటే ఏం కావాలి?

అందుచేత సోదరీమణులారా, మీ పిల్లలు అలా ఊరు మారతామంటే వద్దనకండి. కారణాలు మంచివే. కాని నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, కారు లేకుండా బడికి, డాక్టరుకు, అంగడికి ఎంతసేపు నడవాలి? రెండు, ఇల్లు తీసుకునే ముందు వానాకాలపు సాయంత్రం నాలుగింటికి ఆ దారిన కోడలో కూతురో ఒకసారి నడిచి చూసిందా? మూడు, కారు ఆమె కూడా నడపగలదా? మన లైసెన్సు అక్కడ స్థిరపడిన మొదటి పన్నెండు నెలలే చెల్లుతుంది, ఆ తరువాత అక్కడి పరీక్ష ఇవ్వాలి. కాబట్టి వెళ్ళిన కొత్తలోనే మొదలుపెట్టమనండి. నాలుగు, వారంలో ఒక్కరోజైనా ఆమె నలుగురిలో కూర్చునే చోటు ఉందా? మన మహిళా మండలి లాంటి సంఘాలు బ్రిటన్‌లో 1915 నుంచీ ఉన్నాయి. ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంటారు. వంటలు, కుట్లు, ఉపన్యాసాలు అన్నీ ఉంటాయి. మొహమాటపడకుండా వెళ్ళి కూర్చోమనండి.

ఇంకొక్క మాట. ఫోను చేసినప్పుడు "ఎన్ని గదులు, పెరడు ఎంత?" అని మనం అడుగుతూ ఉంటాం. గదులు లెక్కపెట్టడం సులువు. ఇకమీదట "ఈవేళ ఎవరితో మాట్లాడావు తల్లీ?" అని కూడా అడుగుదాం. జవాబు చెప్పడానికి ఆమె ఎంతసేపు ఆలోచిస్తుందో గమనిద్దాం.