బల్లి గోడను ఎట్లు పట్టుకొనును?

పంచాయతీ సభ్యులారా,

సాయంకాలము దీపము పెట్టగానే మన యిండ్ల గోడలపైకి బల్లి వచ్చును. అది మీద పడినచో ఫలమేమని పంచాంగము చూచువారు మనలో పెక్కురు కలరు. అది పడకుండ ఎట్లు నిలిచినదని అడుగువారు అరుదు. నేడు మేము ఆ ప్రశ్ననే మీ ముందుంచుచున్నాము.

బల్లి పాదమున జిగురు లేదు. టోకే అను పెద్ద బల్లిపై అమెరికాలో కెల్లర్ ఆటమ్ బృందము చేసిన పరిశోధన 2002లో ఈ మర్మమును వెల్లడించినది. దాని వ్రేళ్ళ అడుగున లక్షలకొలది సన్నని వెండ్రుకలు కలవు. ఒక్కొక్కటి కొనయందు వందల శాఖలుగా చీలియుండును. ఆ కొనలు గోడలోని ఎగుడుదిగుడుల కనుగుణముగా ఒదిగి దానికి మిక్కిలి చేరువగును. అప్పుడు అణువులలోని విద్యుదావేశముల ఎడతెగని చలనము వలన ఆకర్షణ పుట్టును.

ఇట్టి ఆకర్షణ లోహముల నడుమ కూడ కలదు. విద్యుదావేశము లేని రెండు లోహపు రేకులను శూన్యమున ఎదురెదురుగా నుంచినను అవి ఒకదానినొకటి ఆకర్షించుకొనునని 1948లో హాలండు శాస్త్రజ్ఞుడు హెండ్రిక్ కాసిమిర్ లెక్కకట్టెను. శూన్యమునందును విద్యుదయస్కాంత క్షేత్రము సదా స్పందించుచుండుటయే ఇందుకు కారణము. దూరము సగమైనచో బలము 16 రెట్లగును. మిల్లీమీటరులో లక్షవ వంతు దూరమున అది, లెక్క ప్రకారము, మనపై గాలి కలిగించు ఒత్తిడిని మించును.

ఇక ఆకారము మాట. 2008లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున హో బున్ చాన్ బృందము సిలికాను పలకపై నాగటి చాళ్ళవలె అతిసూక్ష్మమైన గాళ్ళు తీసి, దానికెదురుగా బంగారు పూత గల గోళము నుంచి బలమును కొలిచెను. పై తలములో సుమారు సగము తొలగినను బలము సగమునకు తగ్గలేదు. అంతకంటె అధికముగనే నిలిచెను. భాగముల బలములను విడివిడిగా కూడినంత మాత్రమున మొత్తము తేలదనియు, ఆకారమునంతను లెక్కింపవలెననియు దీనివలన రుజువైనది.

దీనితో మనకేమి పని యందురా? ఫోనును ప్రక్కకు త్రిప్పగానే అందలి బొమ్మ తిరుగుట మీరెరుగుదురు. లోపల కదలాడు సిలికాను సూక్ష్మభాగములే ఆ త్రిప్పుటను గుర్తించును. అట్టి భాగములు ఇంకను చిన్నవై దగ్గరైనకొలది ఇట్టి బలములచే అంటుకొని పనిచేయకపోవు ప్రమాదము కలదు. తలముల ఆకారమును మార్చి ఆ బలమును అదుపు చేయు మార్గములను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

కావున గ్రామమందలి బాలురు, బాలికలు బల్లిని గూర్చి ప్రశ్నించినచో కసరవలదు. కిటికీ అద్దముపై ప్రాకు బల్లి పాదమును ఆవలి వైపునుండి భూతద్దముతో చూపుడు. వ్రేళ్ళ అడుగున అడ్డుగీతలు కనిపించును. పాఠశాలలో ఒక భూతద్దము లేనిచో దానిని సమకూర్చుట మన పంచాయతీలకు భారము కానేరదు.