పెండ్లిపందిటిలో సాక్షులమై కూర్చుందాం
(మన ఆలయ కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రావణమాసం సమీపిస్తోంది. ఈ మండపంలో మంగళవాద్యాలు మ్రోగే రోజులివి. వివాహాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలు నన్ను కోరారు. పెండ్లిపీటల ప్రక్కన కూర్చుండే పురోహితుణ్ణి కనుక, అక్కడినుండి నా కంటబడే ఒక విషయాన్నే మీకు విన్నవిస్తాను.

సుముహూర్తానికి ముందు వధూవరుల మధ్య తెరసెల్ల పట్టి ఉంటుంది. లగ్నం ఆసన్నం కాగానే ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు. తెర తొలగుతుంది. వారు ఒకరినొకరు చూసుకుంటారు. దీనికి సమీక్షణమని పేరు. సరిగ్గా ఆ క్షణాన పీటల చుట్టూ పది ఫోన్లు పైకి లేస్తాయి. “అమ్మాయీ, ఇటు చూడు”, “బాబూ, ఒక్కసారి ఇటు” అని నలువైపులా కేకలు. పరస్పరం చూసుకోవలసిన ఇద్దరూ చెరొక దిక్కుకు తల తిప్పుతారు. ఒక తెర తీసి పది తెరలు పట్టినట్లయింది!

ముందువరుసలో పెండ్లికూతురి అమ్మమ్మగారు కూర్చుని ఉంటారు. ఎంతో దూరం ప్రయాణించి, మోకాళ్ళనొప్పులు ఓర్చుకొని వచ్చిన ఆ పెద్దావిడకు మంగళసూత్రధారణ వేళ కనబడేవి ఎదుట నిలిచినవారి వీపులే. ఆ దృశ్యం ఆమెకు మళ్ళీ దొరకదు.

శుభలేఖ మనల్ని దేనికి పిలిచింది? విచ్చేసి ఆశీర్వదించమని. అక్షతలంటే క్షతం లేనివి, విరగని బియ్యపు గింజలు. కుడిచేత ఫోను పట్టుకొని ఎడమచేత వాటిని విసరితే, గింజలు విరగకున్నా ఆశీస్సుకు లోటు రాదా?

అగ్నిసాక్షిగా సప్తపది నడిపిస్తాము. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం, సప్తపది ఉన్న వివాహంలో ఏడవ అడుగుతోనే వివాహం సంపూర్ణమై దంపతులను బంధిస్తుందని చెబుతోంది. అంతటి ఘట్టానికి మనం కూడ సాక్షులం. సాక్షి అంటే స్వయంగా కంటితో చూచినవాడు. అరుంధతీ నక్షత్రాన్ని దంపతులకు చూపించడంలోనూ చూపును ఒకచోట నిలపడమనే అభ్యాసం ఉన్నది.

ఇది మనకు చేతకాని నియమం కాదు. తిరుమలలో శ్రీవారి కల్యాణోత్సవానికి వెళ్ళే గృహస్థులు ఫోన్లను వెలుపలనే అప్పగించి, కూర్చుని కల్యాణం తిలకిస్తారు. “ఫోటో లేకపోయెనే” అని ఎవరూ విచారించరు. కన్నులారా చూశామనే చెప్పుకొంటారు.

ఛాయాచిత్రాలు వద్దని నా అభిప్రాయం కాదు. విదేశాలలో ఉండి సెలవు దొరకని అన్నగారికి, మంచం పట్టిన తాతగారికి ఆ దృశ్యం చేరవలసిందే. భద్రాద్రి సీతారాముల కల్యాణాన్ని ఇళ్ళలో కూర్చుని చూచి తరిస్తున్నాము కదా! అందుకు అనువైన చోట నిలిపిన కెమెరా ఒకటి, మర్యాద తెలిసిన ఛాయాగ్రాహకుడొకడు చాలు.

ఇక మీరు చేయవలసినవి. శుభలేఖలోనే ఒక వాక్యం వేయించండి: “సుముహూర్తం మొదలు తలంబ్రాలు ముగిసేవరకు ఫోన్లను, కెమెరాలను ప్రక్కన ఉంచి ఆశీర్వదించ ప్రార్థన.” ఆ విన్నపం రెండువైపుల తల్లిదండ్రుల పేరిట ఉండాలి, అప్పుడు వియ్యాలవారిలో ఎవరికీ చిన్నతనం కలగదు. ముహూర్తానికి కొద్దిసేపు ముందు ఇంటిపెద్ద ఒకరు మైకులో చేతులు జోడించి అదే మాట చెప్పాలి. అయినా ఎవరైనా మరచిపోతే పదిమందిలో గద్దించకండి. వారి చేతిలో అక్షతలు పోయండి. ఫోను దానంతట అదే జేబులోకి వెళుతుంది. అందరికీ ఫోటోలు తప్పక పంపిస్తామని ముందే మాట ఇచ్చి నిలబెట్టుకోండి.

తలంబ్రాలైన పిమ్మట మీ ముచ్చట కొలది ఫోటోలు దిగండి. నేనూ ప్రక్కన నిలబడతాను. ఆ కొద్దిసేపు మాత్రం మీ చూపును, మీ రెండు చేతులను ఆ దంపతులకే ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.