నిప్పుకు దూరము, నీటికి దగ్గర

వడమాలపేట తిరుపతికిని పుత్తూరునకును నడుమ, చెన్నై బాటమీద నున్న ఊరు. 2022 అక్టోబరులో, దీపావళి రాకమునుపే, అచ్చటి బాణసంచా దుకాణములు అంటుకొని కాలిపోయినవి. అదే నెల 23న విజయవాడ జింఖానా మైదానమున అట్టి ప్రమాదములోనే ఇద్దరు మరణించిరి.

ఇట్టి తాత్కాలిక దుకాణములకు అనుమతి నిచ్చుటకు 2008 నాటి ప్రేలుడు పదార్థముల నిబంధనలు కొలతలు పెట్టినవి. కొట్టుకును కొట్టుకును నడుమ కనీసము 3 మీటర్లు, నివాసములు మొదలగువాటికి 50 మీటర్లు ఎడముండవలెను. కొట్లు ఒకదాని కొకటి ఎదురుగా నుండరాదు. ఒక్కచోట 50కి మించరాదు. నూనెదీపము అసలే పనికిరాదు. అయితే ఆ 3 మీటర్ల ఎడము, దుకాణదారు వెలుపల నొక బల్ల వేయగానే మాయమగును!

నిప్పును దూరముగా నుంచుటకు ఇన్ని కొలతలు గలవు గదా, నీటిని దగ్గర నుంచుట ఎట్లు? పిలుపందిన 20 నిమిషములలో అగ్నిమాపక శకటము పల్లెకు చేరవలెనని మన దేశమున పెట్టుకొన్న లక్ష్యము. బోదకొట్టము అంతసేపు ఆగదు. కనుక మొదటి నీళ్లు పోయవలసినవారు ఊరివారే.

అమెరికాలో అగ్నిమాపకులలో సగమునకు మించినవారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. వారును కేంద్రము కట్టదలచినచో, ఏ భూమిని దేనికి వాడవలెనో నిర్ణయించు స్థానిక మండలి అనుమతి పొందవలెను. అర్ధరాత్రి సైరను మ్రోతకు పొరుగువారు అభ్యంతరము చెప్పుటయు కలదు.

మనకడ చిక్కు వేఱు. ఊరిలో ఖాళీ యనిపించు నేల తఱచుగా చెరువు పోరంబోకు. నీటికి దగ్గర గనుక శకటపు కొట్టమునకు అదియే తగునని తోచును. కాని చెరువులను, కుంటలను కాపాడవలెనేగాని ఇండ్లస్థలములుగా పంచిపెట్టరాదని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పినది. ఆ మాట కొట్టమునకును వర్తింపవలెనని మా అభిప్రాయము. చెరువు పూడ్చి కట్టిన కేంద్రమునకు నీరెక్కడిది?

కావున అడుగవలసినది వేఱు స్థలము: బాట ప్రక్కన, చెరువు గట్టుకు వెలుపల. అచ్చటినుండి నీటిదాక శకటము దిగుటకు చాలినంత వెడల్పుగల దారియు కావలెను. ఆ దారి ఆక్రమణకు లోనుగాకుండ పంచాయతీ హద్దురాళ్లు నాటింపవలెను. ఈ అర్జీని గ్రామసభలో దీపావళికి ఎంతో ముందుగనే పెట్టుట మేలు.

అంతవరకు 101కి ఫోను చేయువారు ఊరిపేరుతో నూరుకొనక, తిరుపతి వైపో పుత్తూరు వైపో, ఏ గుర్తుకడ బాట దిగవలెనో కూడ చెప్పవలెను.