దరువూ తీగా కలిసిన చోటు

  

గిటార్ పెట్టెను అరచేత్తో చరుస్తూ, రెండు చేతుల వేళ్లతోనూ తీగల్ని ఫ్రెట్ల మీద కొట్టి పలికించే వాదన మీకందరికీ తెలుసు. దీనికి ఆద్యుడెవరని అడిగితే కొందరు మైకేల్ హెడ్జెస్ అంటారు, కొందరు ప్రెస్టన్ రీడ్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్ అభిమానులైతే ఎడీ వాన్ హేలెన్ పేరు చెబుతారు. ఇక్కడ ఉన్నవి రెండు విద్యలని నా అభిప్రాయం. పెట్టెను కొట్టడం నాట్యం కోసం పుట్టింది. గిటార్ మీద ట్యాపింగ్ చాలావరకు కరెంటుతో వచ్చింది. 1980లలో అవి ఒకే చెక్కవాద్యం మీద కలిశాయి. ఆ కలయిక విలువ తెలియాలంటే రెంటినీ ముందు విడివిడిగా చూడాలి.

దరువు సంగతి మొదట. స్పెయిన్ దక్షిణ భాగంలోని అందలూసియాలో ఫ్లమెంకో గాయకుడికీ నర్తకికీ గిటారే పక్కవాద్యం. అక్కడ తాళాన్ని ‘కొంపాస్’ అంటారు. చప్పట్లు, కాలిమడమలు, గిటార్ అన్నీ దానికే కట్టుబడి ఉంటాయి. వాయించేవాడు తీగలు మీటుతూనే ఉంగరపు వేలితో పెట్టె పైచెక్కను కొడతాడు. ఆ దెబ్బ పేరు ‘గోల్పె’. గోరు తగిలి పలచని చెక్క పాడవకుండా తీగల పక్కన ఒక పలక అంటిస్తారు, దాన్ని ‘గోల్పెయాదోర్’ అంటారు. వాద్యం తయారీలోనే దెబ్బకు చోటు పెట్టారంటే అది ఎంత పాతుకుపోయిన అలవాటో చూడండి. కచేరీ గిటార్‌లోనూ ఆ ధోరణి ఉంది. ఫ్రాన్సిస్కో తారెగా (1852–1909) తన ‘గ్రాన్ హోతా’లో రెండు తీగల్ని ఒకదాని మీదికి ఒకటి మెలివేసి నొక్కి, సైనిక డోలు మోత తెప్పించాడు.

సముద్రానికి అవతల, మిసిసిపీ పత్తి పొలాల్లో బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్‌దీ నాట్యానికి దరువు వెయ్యవలసిన అవసరమే. శనివారం రాత్రి కూలిజనం నాట్యమాడాలి, డ్రమ్ములు వాయించేవాడు లేడు. పాటన్ గిటార్ పెట్టెను చరిచేవాడు, కాలితో నేలను తన్నేవాడు, తీగల్ని చిటపటలాడించేవాడు. 1929లో ఇండియానా రాష్ట్రం రిచ్మండ్‌లో చేసిన ఆయన తొలి రికార్డులు గరగరల మధ్యనే వినాలి. అయినా ఆ తాళం బిగి ఈనాటికీ సడలలేదు. ఫ్లమెంకోకూ ఆయనకూ సంబంధమేమీ లేదు. ఒక్క మనిషి, ఒక్క వాద్యం, ఎదురుగా ఆడే కాళ్లు ఉన్నచోట చెయ్యి దానంతటదే చెక్క మీదికి వెళుతుంది.

ట్యాపింగ్ కథ వేరు. తీగను మీటకుండా ఫ్రెట్ వెనక వేలితో గట్టిగా కొట్టి నొక్కితే, అక్కడినుంచి బ్రిడ్జి దాకా ఉన్న భాగం మోగుతుంది. వేలికి ఇవతల నట్ దాకా ఉన్న ముక్క కూడా సన్నగా మూలుగుతుంది కాబట్టి దాన్ని అణచాలి. మీటిన స్వరంతో పోలిస్తే ఇది చాలా చిన్న ధ్వని, నలుగురు కూర్చున్న గది దాటి పోదు. అందుకే అమెరికాలో ఈ పద్ధతికి ఊపు ఇచ్చినవాళ్లలో తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ల తయారీదారు ఒకడు ఉన్నాడు. హ్యారీ డీఆర్మండ్ తన పికప్ ఎంత సున్నితమో చూపించడానికి తీగల్ని వేళ్లతో కొట్టి వినిపించేవాడు. గ్రెచ్ గిటార్ కంపెనీ తరఫున తిరిగిన జిమ్మీ వెబ్‌స్టర్ దాన్ని అందిపుచ్చుకుని, 1952లో ‘టచ్ మెథడ్’ అనే పాఠపుస్తకం వేశాడు. పియానో మాదిరిగా ఒక చెయ్యి బేస్, ఇంకో చెయ్యి పాట. 1965లో ఇటలీ టెలివిజన్‌లో విట్టోరియో కమార్దేజే మామూలు చెక్క గిటార్ మీదే రెండు చేతులతో ట్యాప్ చేసి చూపించాడు. ఆయన వృత్తి రేడియాలజీ. 1969లో ఎమెట్ చాప్‌మన్ రెండు చేతుల్నీ తీగలకు అడ్డంగా పెట్టి వాయించే పద్ధతి కనిపెట్టి, 1974లో అందుకోసమే ‘స్టిక్’ అనే కొత్త వాద్యాన్ని అమ్మకానికి తెచ్చాడు. వాన్ హేలెన్ ‘ఇరప్షన్’ 1978 నాటిది.

కరెంటు లేకుండా ఈ విద్య అసాధ్యమని మాత్రం అనుకోకండి. టర్కీలో బాగ్లామా కుటుంబపు వాద్యాలను మీటుపలక లేకుండా వట్టి వేళ్లతో వాయించే ‘షెల్పె’ సంప్రదాయం ఉంది. అందులో రెండు చేతుల ట్యాపింగూ భాగమే. సన్నని తీగలు, చిన్న పెట్టె, దగ్గరగా కూర్చున్న శ్రోతలు ఉంటే చాలు. ఎర్దాల్ ఎర్జింజాన్ వాదన వినండి, గిటార్ వాళ్లు గర్వం తగ్గించుకోవలసిన సంగీతం అది.

ఇక హెడ్జెస్. నేను ఇంత దూరం వచ్చింది ఆయన కోసమే. 1953లో పుట్టి, ఓక్లహోమాలోని ఈనిడ్‌లో పెరిగి, బాల్టిమోర్ పీబాడీ కన్సర్వేటరీలో స్వరరచన చదివారు. విల్ ఆకర్‌మన్ నడిపిన విండమ్ హిల్ సంస్థ ఆయన మొదటి ఆల్బమ్‌ను 1981లో, ‘ఏరియల్ బౌండరీస్’ను 1984లో విడుదల చేసింది. ఆ ఆల్బమ్ పేరే పెట్టుకున్న రచనలో ఆరో తీగను ‘సి’కి దించి, ఐదో తీగను ‘సి’కి ఎక్కించి, మిగతావాటిని డి, జి, ఏ, డి శ్రుతిలో పెట్టారు. ఎడమచేతి వేళ్లు ఫ్రెట్ల మీద కొట్టి లాగుతూ కింది స్వరాల్ని నడుపుతుంటే కుడిచెయ్యి పైనుంచి పాటను ట్యాప్ చేస్తుంది, మధ్యమధ్య చెక్క పలుకుతుంది. తీగలకు పికప్, పెట్టె కంపనానికి వేరే పికప్ ఉండడంవల్ల గుసగుస లాంటి ట్యాపూ, గుద్దు లాంటి దరువూ ఒకే తూకంలో హాలంతా వినిపించగలిగాయి.

పరికరాలు మాత్రమే ఉంటే ఇది గారడీగా మిగిలేది. హెడ్జెస్ తనను మొదట స్వరకర్తగానే చూసుకున్నారు. ఆయన చేతుల్లో నేను అన్నిటికన్నా విలువనిచ్చేది స్వరాన్ని ఆపే తీరు. ప్రతి తీగా ఎప్పుడు మోగాలో ఎంత నిర్ణయమో, ఎప్పుడు ఆగాలో కూడా అంతే నిర్ణయం. ఒక వేలు కొడుతుండగా ఇంకో వేలు పాత స్వరాన్ని అణుస్తుంది. ఆయన్ని అనుకరించే చాలామంది దెబ్బ నేర్చుకున్నారు, ఆపడం నేర్చుకోలేదు. 1997లో కారు ప్రమాదంలో పోయేనాటికి ఆయనకు 43 ఏళ్లు.

హెడ్జెస్ బతికున్న రోజుల్లోనే, 1980ల చివర, ప్రెస్టన్ రీడ్ ఎడమచేతిని మెడ మీదుగా తెచ్చి వాయిస్తూ పెట్టెను పూర్తి డ్రమ్ సెట్టుగా మలిచారు. పెట్టె లోపలి గాలికి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర సహజమైన మోత ఉంటుంది. బ్రిడ్జి వైపు మణికట్టుతో తడితే అదే బేస్ డ్రమ్ అవుతుంది. పక్కచెక్క మీద వేళ్లు వేస్తే స్నేర్. ఏ చోట ఏ ధ్వని ఉందో రీడ్ ఓపికగా వెతికి పట్టుకున్నారు.

2006లో ఆండీ మెకీ వాయించిన ‘డ్రిఫ్టింగ్’ను యూట్యూబ్‌లో లక్షలమంది చూశాక ఈ విద్య ప్రపంచమంతా పాకింది. మంచిదే. కాకపోతే అప్పటినుంచి దీన్ని కళ్లతో నేర్చుకుంటున్నాం. 1984లో ‘ఏరియల్ బౌండరీస్’ చాలామందికి క్యాసెట్‌గానో రికార్డుగానో చేరింది, చేతులు కనిపించవు, సంగీతం ఒక్కటే. విద్యార్థులకు నా విన్నపం: వీడియో చూసే ముందు వారం రోజులు దాన్ని వినండి. కింది గొంతు, పై గొంతు, చెక్క దెబ్బ మూడింటినీ విడివిడిగా నోటితో పాడగలిగాక గిటార్ ఎత్తండి. మొదట దెబ్బలు తీసేసి వాయించండి. పాట నిలబడితే దెబ్బలు ఒక్కొక్కటిగా చేర్చండి.