ఎనిమిది వేల డాలర్ల లోటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకునే చోట ఇంగ్లీషు సినిమా గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. కథ విన్నాక పది నిమిషాలు ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, డిసెంబరు చలికి ఇల్లు కదలకుండా కూర్చున్నవారు ఈ సినిమాను టీవీలో చూసే ఉంటారు. పేరు 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. 1946 డిసెంబరులో న్యూయార్కులో తొలి ప్రదర్శన జరిగింది. యుద్ధంలో బాంబర్ విమానం నడిపి వచ్చిన జేమ్స్ స్టువర్ట్, తిరిగొచ్చాక వేసిన మొదటి వేషం ఇందులోదే.

ఆయన వేసిన పాత్ర జార్జి బెయిలీ. దేశాలు తిరగాలనీ, వంతెనలు కట్టాలనీ కోరిక. తండ్రి పోవడంతో, ఇళ్ళకు అప్పులిచ్చే చిన్న సంస్థలో ఆయన కుర్చీ ఇతనికి వచ్చి పడుతుంది. చదువుకు దాచుకున్న సొమ్ము తమ్ముడికిచ్చి పంపుతాడు. తమ్ముడు వచ్చి విడిపిస్తాడనుకుంటే, అతను పెళ్ళిచేసుకుని మామగారిచ్చే ఉద్యోగానికి పోతాడు. సీటు మారని ఉద్యోగం ఎలాంటిదో ఈ సభలో నేను వివరించనక్కరలేదు.

అసలు ముడి క్యాష్ దగ్గర పడుతుంది. క్రిస్మస్ ముందురోజు బ్యాంకులో కట్టవలసిన ఎనిమిది వేల డాలర్లను చిన్నాన్న పరధ్యానంగా పేపరు మడతలో పెట్టి, ఊళ్ళో ధనవంతుడైన పాటర్ చేతికిచ్చేస్తాడు. పాటర్ చూసి కూడా నోరు మెదపడు. అదే రోజు లెక్కలు తనిఖీ చేసే అధికారి వచ్చి కూర్చుని ఉంటాడు. జార్జి ఇంటికి పోయి, పియానో నేర్చుకుంటున్న కూతురి మీద అరుస్తాడు.

ఆ అరుపు నేను ఎరుగుదును. 1979లో జీతాలరోజు మా క్యాషియరుకు 1,140 రూపాయలు తగ్గాయి. ఆనాటికి రెండు నెలల జీతం పైమాటే. ఏడుగురం తలా కొంత వేశాం. మిగతాదానికి ఆయన భార్య గాజులు తాకట్టుకు వెళ్ళాయి. రాత్రి తొమ్మిదింటికి క్యాష్ బుక్కు మూశాం. ఎన్నడూ గొంతెత్తని మనిషి, ఆ రాత్రి పిల్లల్ని కొట్టాడట.

సినిమాలో జార్జి చావబోతే ఒక దేవదూత దిగివచ్చి, అతను పుట్టకపోతే ఊరెలా ఉండేదో చూపిస్తాడు. రెక్కల వ్యవహారం నాకు కొంచెం అతిగానే తోచింది. కానీ చూపించే సంగతులు గట్టివి. చిన్నప్పుడు మందుల షాపులో పనిచేస్తూ, కొడుకు పోయిన దుఃఖంలో యజమాని విషం కలిపిన గొట్టాలను జార్జి ఇవ్వకుండా ఆపుతాడు. అతను లేకపోతే ఆ యజమాని జైలు పాలు. మంచు పగిలి నీళ్ళలో పడ్డ తమ్ముడు తొమ్మిదో ఏటనే పోయేవాడు.

మన రిజిస్టర్లలో జరిగిన తప్పులకు కాలం ఉంది, జరగకుండా ఆగిన తప్పులకు లేదు. ఫ్యామిలీ పెన్షను కాగితంలో పుట్టినతేదీ తప్పుపడితే సంతకానికి పోకముందే దిద్దిన గుమాస్తా పేరు ఎక్కడా ఉండదు. ఆ సినిమా ఆ కాలం గీసి నింపుతుంది. అందుకే మా అబ్బాయి ఇంట్లో కళ్ళు తుడుచుకున్నాను.

ఇది విడుదలైనప్పుడు నష్టం తెచ్చింది. ఆస్కారుకు ఐదు విభాగాల్లో నిలిచి ఒక్కదానిలోనూ గెలవలేదు. మరి ఇంటింటికీ ఎలా చేరిందంటే, అదీ గుమాస్తా కథే! అప్పటి చట్టం ప్రకారం 28 ఏళ్ళకు కాపీరైటు రెన్యువల్ చేయించాలి. 1974లో ఆ దరఖాస్తు దాఖలు కాలేదు. టీవీ వాళ్ళు పైసా కట్టకుండా ఏటా క్రిస్మస్‌కు వేసుకున్నారు. 1993లో మూలకథ మీద హక్కు చూపి ఒక కంపెనీ ఆ ఉచితం ఆపించింది. మన ఆఫీసులో అయితే ఎవరికో ఒకరికి మెమో వచ్చేది.

ఉచితం కనుక చూశారు సరే, మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తున్నారు? చివర ఊరంతా డబ్బు తెచ్చి బల్లమీద పోస్తుంది, లోటు పూడుతుంది. పాటర్‌ను మాత్రం ఎవరూ పట్టుకోరు. ఆ ఎనిమిది వేలు అతని దగ్గరే ఉండిపోతాయి. ఇంత తీపి కథలో దర్శకుడు ఆ ఒక్కటి సరిచేయకుండా వదిలేశాడు.

మా క్యాషియరు పోయి పదేళ్ళు దాటింది. ఆ 1,140 ఎవరి చేతికి వెళ్ళిందో నేటికీ తెలియదు.