మగపిల్లలకు అడవి, ఆడపిల్లలకు అద్దం

(చిన్నపిల్లల స్కౌటింగ్ వేడుకల గురించి ఉపాధ్యాయినుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లు అంగన్‌వాడీ కార్యకర్తల వేతనాల గురించి, బాల్యవివాహాల గురించి మాట్లాడారు. ఆ తర్వాత నేను లేచి, బడిపిల్లలు మెడలో స్కార్ఫు కట్టుకుని గుండ్రంగా నిలబడి చేసే ఒక వేడుక గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి ఇది కాలక్షేపంలా అనిపించవచ్చు. కానీ ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది టీచర్లు. కొందరు స్వయంగా కబ్, బుల్‌బుల్ దళాలు నడుపుతున్నవాళ్లు. ఆ వేడుక మీ చేతుల మీదుగానే జరుగుతుంది కాబట్టి మీతోనే మాట్లాడాలనుకున్నాను.

స్కౌటింగ్ అంటే మనకు గుడారాలు, తాళ్ల ముడులు, పెద్దపిల్లలు గుర్తొస్తారు. నాకు ఆసక్తి పదేళ్లలోపు పిల్లల మీద. ఆ వయసులో పిల్లలు వేడుకను ముందు ఒంటితో నేర్చుకుంటారు. వలయంలో నిలబడటం, చెయ్యెత్తటం, అందరితో కలిసి ఒక్క గొంతుతో అరవటం ముందు వచ్చేస్తాయి. వాటి అర్థం ఎప్పటికో తెలుస్తుంది. అప్పటికి అది అలవాటైపోయి ఉంటుంది. సమూహంగా చేసే కర్మకాండలో పుట్టే ఉత్సాహం గురించి డర్క్‌హైమ్ 1912లోనే రాశాడు. బతుకమ్మ ఆడినవాళ్లకు, భజనలో కూర్చున్నవాళ్లకు దాని గురించి డర్క్‌హైమ్ చెప్పక్కర్లేదనుకోండి.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. బేడెన్ పావెల్ అనే సైనికాధికారి 1907లో బ్రౌన్సీ దీవిలో మగపిల్లలతో ఒక శిబిరం నడిపాడు. 1908లో పుస్తకం రాశాడు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ జరిగితే, పిలవకుండానే కొందరు ఆడపిల్లలు వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. వాళ్లను ఏం చెయ్యాలో తోచక మరుసటి ఏడాది గైడ్స్ అని వేరే సంస్థ పెట్టి, ఆయన తన అక్కచెల్లెళ్లలో ఒకరైన ఆగ్నెస్‌కు అప్పగించాడు. అడగకుండా వచ్చిన ఆడపిల్లలకు వేరే గది చూపించటం మనకు కొత్త కాదు. ఆ గదిలో ఏం పెట్టారన్నదే చూడాలి.

చిన్నపిల్లల విభాగాలు వచ్చేసరికి తేడా స్పష్టంగా కనబడుతుంది. చిన్న మగపిల్లల కోసం 1916లో ‘వుల్ఫ్ కబ్స్’ వచ్చింది. దానికి ఆధారం కిప్లింగ్ ‘జంగిల్ బుక్’. పిల్లలంతా తోడేలు కూనలు. వాళ్ల గుంపు పేరు ప్యాక్. ఆరుగురేసి జట్లకు తోడేళ్ల రంగుల పేర్లు: నలుపు, బూడిద, ఎరుపు, తెలుపు. నాయకుడు అకేలా. అకేలా మధ్యలో నిలబడితే కూనలన్నీ చుట్టూ చేరి, గొంతుకూర్చుని, ముందుకాళ్లలా రెండు చేతులూ నేలకానించి, తలెత్తి ఊళ పెడతాయి. మా శాయశక్తులా చేస్తామని ఆ ఊళలోనే మాటిస్తాయి. దీన్ని గ్రాండ్ హౌల్ అంటారు. ఏడెనిమిదేళ్ల పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలి? బడిలో నోరు మూసుకోమంటారు, ఇక్కడ గొంతు చించుకోమంటారు.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఆ అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీ ప్రాంతానిది. అకేలా అంటే హిందీలో ఒంటరివాడు. బలూ మన భాలు, ఎలుగుబంటి. ఇక్కడి అడవినీ మాటలనూ పట్టుకెళ్లి ఇంగ్లండులో ఒక కర్మకాండ తయారుచేస్తే, అది ఇంగ్లీషు యాసతో తిరిగివచ్చి మన పిల్లల చేత అకేలా అని పిలిపించింది. ఇంకో విచిత్రం చూడండి. ఈ కబ్ విభాగాన్ని తీర్చిదిద్దిన వారిలో వెరా బార్‌క్లే అనే స్త్రీ ముఖ్యురాలు. మొదటి ప్రపంచయుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయాక ప్యాక్‌లను నడిపింది చాలాచోట్ల స్త్రీలే. చాకిరి స్త్రీది, పదవి పేరు మాత్రం మగతోడేలుది.

ఇక చిన్న ఆడపిల్లలు. 1914లో వాళ్లకు మొదట పెట్టిన పేరు రోజ్‌బడ్స్, అంటే గులాబి మొగ్గలు. ఆ పేరు పిల్లలకే నచ్చలేదు. 1915లో బ్రౌనీలని మార్చారు. బ్రౌనీ అంటే స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండు జానపద కథల్లో ఇంటిని కనిపెట్టుకుని ఉండే ఒక చిన్న భూతం. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, తెల్లారేలోపు మాయమవుతుంది. ఎవరి కంటా పడదు. కూలి తీసుకోదు. కొత్త బట్టలు పెడితే ఆ ఇంటినే వదిలి వెళ్లిపోతుందని చాలా కథల్లో ఉంటుంది. ఇంటిచాకిరి గురించి స్త్రీవాదులు ఇన్నేళ్లుగా చెబుతున్నదంతా ఆ భూతంలో ఉంది: పని కనబడాలి, చేసేవాళ్లు కనబడకూడదు, జీతం అడగకూడదు.

ఆ పేరు జూలియానా హొరేషియా యూయింగ్ అనే రచయిత్రి 1860లలో రాసిన పిల్లల కథ నుంచి వచ్చింది. తల్లిలేని ఇద్దరు బద్ధకపు పిల్లలు. వాళ్ల నాన్న దర్జీ. ఇంట్లో పని చేసిపెట్టే బ్రౌనీ కోసం వెతుక్కుంటూ ఒకడు రాత్రివేళ గుడ్లగూబ దగ్గరికి వెళతాడు. వెన్నెల్లో చెరువులోకి తొంగిచూడు, బ్రౌనీ కనబడుతుందంటుంది గుడ్లగూబ. చూస్తే కనబడింది వాడి మొహమే. ఆ రోజు నుంచి పిల్లలిద్దరూ తెల్లవారుజామునే లేచి రహస్యంగా ఇంటిపని చేస్తారు.

మూలకథలో ఆ పిల్లలిద్దరూ మగపిల్లలు! టామీ, జానీ. కొడుకులు ఇల్లు ఊడవటం నేర్చుకున్న కథ అది. గైడ్ల చేతిపుస్తకంలోకి వచ్చేసరికి వాళ్లు టామీ, బెట్టీ అయ్యారు. వేడుకలోకి వచ్చేసరికి టామీ కూడా లేడు, అందరూ బెట్టీలే. మగపిల్లలకు ఇంటిపని నేర్పే అరుదైన కథ ఒకటి దొరికితే దాన్ని ఆడపిల్లలకు అప్పగించి, మగపిల్లలను అడవికి పంపారు. ఇది ఎవరో కూర్చుని పన్నిన కుట్ర అని నేననను. పితృస్వామ్యానికి కుట్ర అవసరం లేదు. ఏది ఎవరికి సహజమో ముందే తెలిసినట్టు ఉంటుంది, అంతే.

చేరిక వేడుక ఇలా ఉండేది. నేల మీద ఒక అద్దం పరుస్తారు. అది చెరువు. చుట్టూ ఆకులు, పూలు. పక్కన ఒక బొమ్మ పుట్టగొడుగు. పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ ఆడతారు, మన దగ్గర ఆడపిల్లలు బొడ్డెమ్మ చుట్టూ తిరిగినట్టే. కొత్తపిల్లను మూడుసార్లు గుండ్రంగా తిప్పి అద్దంలోకి చూడమంటారు. కళ్లు తిరుగుతున్న ఆ పసిదానికి తన మొహం కనబడుతుంది. అంటే ఇంటిపని చేసే భూతం నువ్వేనని ఆ పిల్లకు అర్థమవ్వాలి. ఆ తర్వాత ప్రమాణం. కబ్ రోజూ ఎవరికో ఒకరికి ఒక మంచిపని చేస్తానంటాడు. బ్రౌనీ రోజూ ఇతరులకు సాయం చేస్తాను, ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు అంటుంది. ఆ ‘ముఖ్యంగా’ అన్న ఒక్క మాట కోసమే నేనీ వేడుకలన్నీ చదివానేమో అనిపిస్తుంది. పైమెట్టుకు వెళ్లేటప్పుడు తగిన పరీక్షలు నెగ్గినవాళ్లకు రెక్కల బ్యాడ్జి ఇచ్చి, వాళ్లు గైడ్లలోకి ఎగిరి వెళ్లారనేవాళ్లు. మిగిలినవాళ్లు నడిచి వెళ్లినట్టు. అందరూ చూస్తుండగా.

ఇదంతా వందేళ్లనాటి మాట, ఇప్పుడెందుకు అంటారేమో. బ్రిటన్‌లో ఆ ‘ఇంట్లోవాళ్ల’ మాటను 1968లో తీసేశారు. అప్పుడు పెట్టిన కొత్త నియమం, బ్రౌనీ తనకంటే ముందు ఇతరుల గురించి ఆలోచిస్తుందని! ఇల్లు పోయింది, త్యాగం మిగిలింది. 2013లో అక్కడి గైడ్స్ ప్రమాణంలోంచి దేవుణ్ణి తీసేసి, నాకు నేను నిజాయితీగా ఉంటాననే అర్థం వచ్చే మాట పెట్టారు. అంటే శిలాశాసనాల్లా కనబడే ఈ వేడుకలు గట్టిగా అడిగితే మారతాయి.

మన దేశంలో స్కౌటింగ్ 1909లో, గైడింగ్ 1911లో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసం మొదలయ్యాయి. భారతీయ పిల్లలను రానివ్వకపోతే మద్రాసులో అనీబెసెంట్, అరండేల్, అలహాబాదులో మాలవీయ, కుంజ్రూ వేరే సంస్థలు పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత 1950లో స్కౌట్ సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951లో గైడ్లు చేరారు. మన చిన్న మగపిల్లలు కబ్‌లుగానే ఉన్నారు. ఆడపిల్లలు ఒకప్పుడు బ్లూబర్డ్స్, ఇప్పుడు బుల్‌బుల్స్, అంటే మన పిగిలిపిట్టలు. పిల్లల ప్రమాణం ఇద్దరికీ ఒకటే. ‘ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు’ అన్నది లేదు. ఇది మెచ్చుకోవాలి. కానీ మెట్ల పేర్లు చూడండి. కబ్‌కు ప్రథమ చరణ్, ద్వితీయ చరణ్, ఇలా లెక్క ప్రకారం అడుగులు. బుల్‌బుల్‌కు కోమల్ పంఖ్, రజత్ పంఖ్, స్వర్ణ్ పంఖ్, హీరక్ పంఖ్. పిల్లాడు అడుగులు వేస్తాడు. పిల్లకు మెత్తని రెక్క, వెండి రెక్క, బంగారు రెక్క, వజ్రాల రెక్క. నగల పెట్టె తెరిచినట్టు లేదూ!

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలో బుల్‌బుల్స్ ప్రమాణం చూశాను. పిల్లలు ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పారు. తర్వాత ఒక పిల్లను అడిగాను, డ్యూటీ అంటే ఏమిటమ్మా అని.

“మా నాన్న డిపోకి పోయేది, మేడమ్.”

“మరి అమ్మకు?”

“అమ్మకు డ్యూటీ లేదు. ఇంట్లనే ఉంటది. పని చేస్తది.”

బ్రౌనీ కథ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

అదే రోజు ఇంకో పిల్ల వలయం బయట, వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఇంట్లో స్కార్ఫుకూ బెల్టుకూ డబ్బులు ఇవ్వలేదు. అందరితోపాటు ఆ పిల్ల కూడా ప్రమాణం మొత్తం చెబుతోంది, చెయ్యి కూడా ఎత్తింది. టీచరు దగ్గరికెళ్లి, “నువ్విప్పుడే చెప్పకూడదమ్మా, స్కార్ఫు వచ్చాక చెబుదువుగాని” అన్నారు. ఆవిడ కఠినురాలు కాదు, నిబంధన అలా ఉందనుకున్నారు. చెయ్యి దించేసింది ఆ పిల్ల.

ఇన్ని చెప్పాక, ఈ వేడుకలు ఎత్తేయమంటున్నానని అనుకోకండి. ఎడమచేత్తో ప్రసాదం తీసుకుంటే దెబ్బపడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఎడమచేయి కలుపుతారు. ఏ కులం పిల్ల పక్కన ఏ కులం పిల్ల నిలబడుతుందో వలయం పట్టించుకోదు. మన ఇళ్లలో చిన్నపిల్లల వేడుకలు చూడండి: కొన్ని కులాల మగపిల్లాడికి ఒడుగు చేసి విద్యకు ప్రవేశం ఇస్తారు, ఆడపిల్లకు పెద్దమనిషయ్యాక మూల కూర్చోబెట్టి పెళ్లికి సిద్ధమని ఊరంతా చాటుతారు. వాటితో పోలిస్తే ఏడేళ్ల పిల్ల తన నోటితో తన దేశం గురించి మాటివ్వటం ఎంతో నయం. ఆ మాట ఆ పిల్లదే అయివుండాలన్నదే నా పట్టుదల.

దీనికి చట్టం దన్ను ఉంది. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఆమోదించింది. అందులో 12వ అధికరణం పిల్లల అభిప్రాయం వినాలంటుంది, 14వది వాళ్ల అంతరాత్మ స్వేచ్ఛను గౌరవించాలంటుంది. మన సుప్రీంకోర్టు ఇంకా ముందే తేల్చింది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను, అందులో ఇద్దరు ఆడపిల్లలు, జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, కానీ తమ మతవిశ్వాసం ప్రకారం పాడేవాళ్లు కాదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో కోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. జాతీయగీతం దగ్గరే పిల్లల మౌనానికి రక్షణ ఉంటే, స్కౌటు ప్రమాణం దగ్గర ఉండదా? మన ప్రమాణంలో దేవుడు అన్నచోట ధర్మం అనుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పే బాధ్యత బడిది.

విధేయత సంగతి ఇంకా బరువైనది. పాత కబ్ నియమం ముసలి తోడేలుకు లొంగమంది, పాత బ్రౌనీ నియమం పెద్దలకు లొంగమంది. మన నియమం పెద్దలను గౌరవించమంటుంది. మాట మెత్తబడింది, సంతోషం. అయితే అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేసినప్పుడు, చిన్నతనంలో అందులో లైంగిక అత్యాచారానికి గురయ్యామని 82,000 మందికి పైగా క్లెయిములు పెట్టుకున్నారు. వేడుకలే దానికి కారణమని నేననటం లేదు. పెద్దల మాట వినటమే గుణమని అందరి ముందూ మాటిచ్చిన పిల్లాడికి, ఒక పెద్దవాడికి వద్దు అని చెప్పటం ఎంత కష్టమో ఊహించమంటున్నాను. 2012 పోక్సో చట్టం వచ్చింది కదా అంటే, ఫిర్యాదు చేయటానికి ముందు పిల్ల నోరు తెరవాలి. గౌరవించే నియమం నేర్పిన రోజునే, వద్దనటం అగౌరవం కాదని కూడా అదే వలయంలో, అదే గొంతుతో నేర్పాలి.

కాబట్టి దళాలు నడిపే టీచర్లను నేను అడిగేది పెద్ద విషయమేం కాదు. ప్రమాణాన్ని ముందు తెలుగులో, పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి. డ్యూటీ ఎవరెవరికి ఉంటుందో వాళ్లనే మాట్లాడనివ్వండి, అమ్మ చేసేది కూడా లెక్కలో వేయనివ్వండి. మూలకథలోలా టామీకీ జానీకీ చీపురు ఇవ్వండి, బుల్‌బుల్స్‌కు ఊళ పెట్టే అవకాశం ఇవ్వండి. స్కార్ఫులు బడి బీరువాలో ఉంచి అందరికీ పంచండి. ఎవరైనా పిల్ల నేనిప్పుడే మాటివ్వను టీచర్ అంటే, సరేనమ్మా అని, వచ్చేవారం ఆటలో కూడా తనను కలుపుకోండి.